నూకాలు గురువు

ఆ కోట వంటశాలలో గురువు పేరు చెప్పలేనివాళ్ళు పొయ్యి ముట్టుకోకూడదని కట్టుబాటు. ఓసారి వంటవాళ్ళంతా జ్వరాన పడితే, అంట్లు తోమే నూకాలు చారు కాచింది. అది రాజుగారికి తెగ నచ్చేసి, ఇక రోజూ ఆమె చారే కావాలన్నాడు. పెద్ద వంటవాడు పేరిశాస్త్రికి ఒళ్ళు మండింది.

మర్నాడు భోజనాల దగ్గరే అడిగేశాడు. "మహాప్రభో, దీని గురువెవరో చెప్పమనండి!"

నూకాలుకి గురువంటూ ఎవరూ లేరు. గరిటె పోతే మళ్ళీ ఆ మసిగిన్నెల దగ్గరికే పోవాలి. పేరిశాస్త్రి వైపు చెయ్యి చూపించి, "ఈ శాస్త్రిగారే, దొరా! ఆయన వండిన గిన్నెలు తోమేముందు, అడుగున మిగిలింది రుచి చూసి నేర్చుకున్నాను" అంది.

రాజుగారు చారు జుర్రుకుంటూ, "ఓహో! ఇదంతా నీ చలవేనా శాస్త్రీ?" అన్నాడు.

కాదంటే రాజుగారి నోటి దగ్గర చారు తనే లాగేసినట్టు. శాస్త్రి చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ, నా శిష్యురాలే" అన్నాడు.

బయటికి రాగానే ఆమె మీద పళ్ళు నూరాడు. "నా చారు ఇలా ఉండదు కదే! నా గిన్నెల్లో ఏం నేర్చుకున్నావే?"

"ఏం చెయ్యకూడదో నేర్చుకున్నాను, గురువుగారూ" అంది నూకాలు.