లంక సీమ ఫలితం

గెలిచాడంటే చాలు, దండ పట్టుకుని పరిగెత్తుతావు. ఎలా గెలిచాడని అడగవేం? ఇది విని సిగ్గు తెచ్చుకో.

పూర్వం ఒక రాజ్యంలో ప్రతి సీమవాళ్లూ సభకు ఒకరిని ఎన్నుకునేవారు. ఓట్ల కుండలన్నీ రాజధానిలో లెక్కపెట్టేవారు. ఒకసారి మంత్రి కేతన, అన్ని సీమల్లోనూ తన మనుషులే గెలిచారని రాజు ఎదుట ప్రకటించాడు.

అప్పుడే వరద దాటి వచ్చిన పడవ మనిషి పోలమ్మ, చంకలో మూటతో ముందుకొచ్చింది.

"మా లంక సీమలో ఎవరు దొరా? కరకట్ట వేయిస్తానన్న మా పేరయ్యేనా?"

"వాడికి ఒక్క ఓటూ పడలేదు. దగ్గరుండి నేనే లెక్కపెట్టించాను," అన్నాడు కేతన.

"అట్టాగా! మరి ఈ కుండ ఎక్కడ దించమంటారు?" అంటూ మూట విప్పింది. లంకవాళ్ల కుండకు వేసిన ముద్ర ఇంకా చెదరలేదు.

రాజు అన్ని కుండలనూ జనం ముందు లెక్కపెట్టించాడు. లంకలో పేరయ్య గెలిచాడు. కేతనకు దేశబహిష్కారం పడింది. పొలిమేర దాకా నడిచిన దారిలో అతనికి ఎవరూ గుక్కెడు నీళ్లయినా పోయలేదు.