ఏటికి అటూ ఇటూ కాపలా

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్ళో ఉప్పుటేరు లేదు కనుక ఈ కథ మీరు విని ఉండరు. ఇందులో వెర్రివాళ్ళు మనవాళ్ళే.

పూర్వం ఆ ఏటికి ఒక్కో ఒడ్డున ఒక్కో రాజు ఉండేవాడు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వల ఆపితే అవతలివాళ్ళు ఊడ్చేస్తారని, రెండు ఒడ్లవాళ్ళూ చేపపిల్లల్ని కూడా పట్టేసేవారు. చివరికి ఏట్లో నీళ్ళు, ఇళ్ళలో పస్తులు మిగిలాయి.

చేపలమ్ముకునే కొర్లమ్మ మన రాజు దగ్గరికి వెళ్ళింది. "గుడ్ల కాలంలో రెండు ఒడ్లవాళ్ళూ వలలు ఆపాలి దొరా."

"అవతలివాణ్ణి నమ్మమంటావా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అస్సలు నమ్మొద్దు. మన జాలర్లని ఆ ఒడ్డున కాపలా పెట్టండి. వాళ్ళ జాలర్లు మన ఒడ్డున కూర్చుంటారు."

"వాడు ఒప్పుకుంటాడా?"

"ఆయనకీ మీ మీద నమ్మకం లేదు దొరా, ఎగిరి గంతేసి ఒప్పుకుంటాడు. మనకి చేపలు కరువుగానీ, అనుమానానికి కరువా?"

కాదంటే పొరుగువాణ్ణి నమ్మినట్టవుతుందని రాజు వెంటనే సరేనన్నాడు. అవతలి రాజూ అదే అనుమానంతో ఒప్పుకున్నాడు. ఎదుటివాళ్ళ తప్పు పట్టాలన్న ఆశతో మనవాళ్ళు రెప్ప కూడా వేయలేదు. మరుసటి ఏడు వలలు ఎంత బరువెక్కాయంటే, లాగడానికి అవతలి ఒడ్డువాళ్ళనే పిలవాల్సి వచ్చింది.

ఈ కథ మీ పిల్లలకూ చెప్పండి. మనవాళ్ళు తెలివైనవాళ్ళని మాత్రం మధ్యలో కలపకండి.