ఊడ్పు పాటకు వంత

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు సుభద్రమ్మ గారికి లేదు. "రేపు నాతో రా" అంటారు, అంతే. ఆవిడ దగ్గర ఎనిమిదేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్న వసుంధర ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డను తీసేచోట కూర్చుని మీరు పాడుతున్నారు. పాటకి భయం పోతుందా అమ్మా?"

"రేపు నాతో రా" అన్నారావిడ.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రి వాళ్ళిచ్చిన పచ్చ గౌన్లు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. బల్లమీద నూకాలు అనే మనిషి కూర్చుని వణికిపోతోంది. తొలికాన్పు బిడ్డ ఏడవకుండానే పోయింది. ఈ బిడ్డ ఏడుపైనా తన చెవులతో వినాలని ఆమె పట్టు. అందుకు వెన్నులో మత్తుసూది పడాలి. సూది పడాలంటే నడుం వంచి కదలకుండా ఉండాలి. అప్పటికే రెండుసార్లు ఉలిక్కిపడి కదిలిపోయింది.

"ఇంకొక్కసారి చూస్తాను. కుదరకపోతే పూర్తిగా నిద్రపుచ్చెయ్యాల్సిందే" అంది మత్తు డాక్టరమ్మ.

సుభద్రమ్మ గారు పాడమన్నట్టు వసుంధర వైపు చూశారు. ఏదైనా శుభమైనది పాడదామని వసుంధర మంగళహారతి ఎత్తుకుంది. శ్రుతి ఎక్కడా తప్పలేదు. నూకాలు మాత్రం బెదిరిపోయి తలెత్తింది.

"ఏటమ్మా, అప్పుడే హారతిచ్చెత్తన్నారు? నా పని అయిపోనాదా?"

వసుంధర టక్కున పాట ఆపేసింది. భజనైనా పూజైనా హారతి పాడేది చివర్నే కదా. ఆ మాత్రం తనకి తట్టలేదు.

సుభద్రమ్మ గారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని నూకాలు రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఊడ్పులకి ఎల్తావా అమ్మీ?"

"ఎల్తానమ్మా."

"మరి నడుం వంచడం నీకొకలు నేర్పాలేటి? వరిమళ్ళో దిగు. పాట నాది, వంత నీది. మధ్యలో ఇడిచీసేవంటే వరసలో అమ్మలంతా నవ్వుతారు."

వరినాట్లు వేసేటప్పుడు పాడుకునే ఊడ్పు పాట మొదలైంది. గొంతు బొంగురు, మధ్య మధ్య ఆయాసం. వంత దగ్గర ఆగి చూశారావిడ. నూకాలు వంగింది. గడ్డం గుండెలకి ఆనించి, "ఓలమ్మా" అని సన్నగా అందుకుంది. నారు పట్టినట్టే ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి. ఆరో వంతకి సూది పడింది. ఆమెని పడుకోబెట్టి పొట్టకి అడ్డంగా తెర కట్టారు.

తెర అవతల కోత సాగినంతసేపూ ఇవతల పాట సాగింది. వంత ఒక్కోసారి వణికింది గాని తప్పలేదు. ఒక చరణం సగంలో ఉండగా బిడ్డ కేరుమంది. సుభద్రమ్మ గారు పాట అక్కడే ఆపేశారు. నూకాలు కళ్ళు మూసుకుని ఆ ఏడుపు విన్నది.

కాసేపయ్యాక వసుంధర వంగి మెల్లగా అడిగింది. "భయం పోయిందా అక్కా?"

"ఎక్కడికి పోద్దమ్మా, కడుపు కోత్తంటే! వంత నాదన్నారు కదా. నానందుకోకపోతే ఎలగ?"

మర్నాడు పాఠానికి కూర్చుని వసుంధర తంబురా మీద చెయ్యి వేసింది. సుభద్రమ్మ గారు వద్దన్నారు.

"ఇవాళ నువ్వు పాడకు. వంత అందుకో."