రాజుగారి బట్టకు అతుకులు

ఆఫ్రికాలో, కాంగో అడవుల నడుమ, కూబావారి రాజ్యంలో కొత్తగా గద్దెనెక్కిన రాజుగారొకరుండేవారు. ఆయనకు తన దర్జా అంటే మహా మోజు. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది.

ఆ దేశంలో మగవాళ్లు రాఫియా అనే చెట్టు ఆకుల నారతో బట్ట నేస్తారు, ఆడవాళ్లు దానిమీద కుట్టుపని చేస్తారు. రాచనగరులో కుట్టుపనికి పెద్దదిక్కు బులాపే అవ్వ. పట్టాభిషేకం పండగకని ఆమె, కూతుళ్లు ఏడాదిపాటు నడుములు పడిపోయేలా కుట్టి, పది బారల బట్ట తెచ్చారు.

రాజుగారు చూశారు, మండిపడ్డారు.

"ఏమే ముసలీ! ఇన్ని అతుకులా? నేనేమైనా బిచ్చగాణ్ణనుకున్నావా?"

"అది కాదు ప్రభూ, రోట్లో..."

"నోర్ముయ్! పండగకింకా మూడు నెలలుంది. ఒక్క అతుకూ లేని బట్ట తే. లేదంటే నువ్వూ నీ కూతుళ్లూ ఈ జన్మలో మళ్లీ సూది ముట్టడానికి వీల్లేదు!"

సూది లేకపోతే అవ్వకు బతుకేముంది? ఇంటికెళ్లి భోరున ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"అతుకే కదా వద్దన్నారు! ఆ రోలు మూలకు దొర్లించండే!" అంది కూతుళ్లతో.

పండగ వచ్చింది. కొత్త బట్టకు వెతికినా అతుకు లేదు. రాజుగారు మురిసిపోతూ నడుముకు చుట్టబోయారు. అది చుట్టుకుంటేనా! తడకలా నిలబడింది. అడుగేస్తే కరకరమంది. కొలువంతా చూస్తుండగా పీటమీద కూర్చోబోతే మోకాళ్లు వంగలేదు. పాపం, సగం లేచి సగం కూర్చుని అలాగే ఉండిపోయారు.

"ఏమిటే ఇది?"

"తమరు కోరిన బట్టే ప్రభూ," అంది అవ్వ చేతులు కట్టుకుని. "మగ్గం దిగిన నారబట్ట ఇలాగే బిర్రబిగుసుకుని ఉంటుంది. రోట్లో వేసి దంచితేనే మెత్తబడుతుంది. దంచితే అక్కడక్కడా చిల్లులు పడతాయి. ఆ చిల్లుల మీదే మేం ముచ్చటగా అతుకులు వేస్తాం. అతుకు వద్దన్నారు, దంచడం మానేశాం. ఒక్క దెబ్బయినా తినలేదు కదా, ఎవరి మాటా వినదు."

కొలువులో ఒకరిద్దరికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. రాజుగారు అవ్వకేసి అనుమానంగా చూశారు.

"అయితే నాక్కూడా ఓ అతుకు వెయ్యాలంటావా అవ్వా?"

"వేస్తాను ప్రభూ. ముందు దంచాలి కదా!"



"ఇంకా దంచేదేముంది! ఇంతసేపూ నువ్వు చేసిందేమిటి?" అంటూ రాజుగారు పకపకా నవ్వారు. ఆ ఊపుకు నడుము దగ్గర బట్ట ఫటుక్కున చిరిగింది.

అప్పటికప్పుడు అతుకుల బట్ట తెప్పించి కట్టుకుని హాయిగా కూర్చున్నారు. అవ్వకు రాగి కడియాలు తొడిగి, నగరులో కుట్టుపని ఆమెకూ ఆమె కూతుళ్లకూ శాశ్వతంగా రాసిచ్చారు.

అవ్వ దణ్ణం పెట్టి, చిరిగిన బట్టను చంకన పెట్టుకుని, తిన్నగా రోటి దగ్గరికి నడిచింది.