వంకర చిల్లులు

చూశారు కదా, ఏం చూశారో చెప్పండి. ఒకే ఫోను గ్రూపులో ఇద్దరు శిష్యులు తాము చేసిన తోలుబొమ్మల ఫొటోలు పెట్టారు. జర్మనీలో ఉండే రెనాటా బొమ్మ కింద గురువు ముత్యాలప్ప "చాలా అందంగా ఉందమ్మా, ధన్యవాదాలు" అని రాశాడు. ఆయన ఇంట్లోనే తిని పెరిగిన ఓబులేసు బొమ్మ కింద "కిరీటం చెడగొట్టావు. తోలు దండగ. మళ్ళీ చెయ్యి" అని రాశాడు. మీకేం కనిపించింది? ఓబులేసుకు కనిపించిందే కనిపించి ఉంటుంది.

అసూయ గురించి మెత్తగా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ దాని చేతికి చిక్కనివాళ్ళు. అది అన్నం ముందు కూర్చోనివ్వదు. ఆమె బొమ్మలో చిల్లులు వంకరపోయాయని ఓబులేసు ఫొటోను పెద్దది చేసి మరీ చూసుకున్నాడు. చివరికి తన ఉలులన్నీ గుడ్డలో మూటగట్టి తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"అయ్యా, ఆ వంకర చిల్లులకు ధన్యవాదాలు, నాకు తిట్లా? నేను మీకు ఏమవుతానో చెప్పండి. ఏమీ కాకుంటే పోతాను."

"రేపు నీ పాత బొమ్మ ఇంకోటి గ్రూపులో పెట్టు. ఆ తర్వాత పోదువులే" అన్నాడు ముత్యాలప్ప.

మర్నాడు ఓబులేసు పెట్టిన బొమ్మ కింద ఇలా వచ్చింది: "ఓబులేసు గారికి నమస్కారం. మీ పని చాలా అందంగా ఉంది. మీ శ్రమకు ధన్యవాదాలు."

రెనాటా వెంటనే పూల బొమ్మలు పంపింది. ఆమె మాటల్ని ఫోను తెలుగు చేసి చూపించింది: "అభినందనలు ఓబులేసు! ఎంత గౌరవం!"

వాడు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"నేనేం తప్పు చేశాను? నన్ను గారు అంటారా? ధన్యవాదాలా? పొమ్మంటే నేరుగా పొమ్మనండి. అందరి ముందరా పరాయివాణ్ణి చేస్తారా?"

"నువ్వడిగిందే కదరా వడ్డించాను. ఒక్క ముద్ద దిగలేదు నీకు."

అంతలో గురువు ఫోను మోగింది. మళ్ళీ రెనాటాయే: "గురువు గారూ, ఇక ఓబులేసు తిట్లు నాకు ఇస్తారా? నేనూ నేర్చుకోవాలి."

ముత్యాలప్ప ఫోను ఓబులేసు వైపు తిప్పాడు.

"వంకర చిల్లులు నాకూ కనబడినాయిరా. పరాయి పిల్ల కదా అని నోరు రాలేదు. విప్పు ఆ ఉలుల మూట."

ఇప్పుడు చెప్పండి, ఇన్నాళ్ళూ ఆ ఇద్దరిలో అసూయ పడవలసింది ఎవరు?