తవిటయ్య రేవు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి రెండు ఒడ్లు, రెండు ఒడ్లకీ కలిపి ఒకటే నావ. నడిపేవాడు తవిటయ్య. రాజుల కథలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నాకు మాత్రం ఈ నావవాడే ఇష్టం.

ఈ ఒడ్డున అసిరమ్మ, ఆ ఒడ్డున గవరయ్య. మొగుడూ పెళ్లాలకి పొసగక పెద్దల ముందు విడిపోయారు. వాళ్ల కూతురు పైడమ్మకి ఐదేళ్లు. ప్రతి సంతరోజూ తండ్రి వచ్చి పిల్లని తీసుకెళ్లొచ్చని తీర్పు.

మొదటి సంతకి, నావ కదలగానే, "మీ అమ్మ నోటికి జడిసే నాను ఏరు దాటిపోనాను" అన్నాడు గవరయ్య. పిల్ల తల వంచుకుంది.

రెండో సంతకి, "నీ మీద పేముంటే మీ అమ్మ నన్ను వదిలీదా?" అన్నాడు. పిల్ల చెవులు మూసుకుంది.

మూడో సంతకి పిల్ల రేవులోనే కూలబడింది. "నాను రాను" అంది.

"ఆళ్లమ్మే నూరిపోసింది" అని గవరయ్య పళ్లు కొరికాడు.

తవిటయ్య తెడ్డు పక్కన పెట్టాడు. "గవరయ్యా, ముందు నోరు పుక్కిలించు."

"ఏటీ తిన్లేదు కదా మావా."

"ఆ మాట ఉమ్మీమంటన్నాను. నాకూ ఒక కూతురుంది. వచ్చినప్పుడల్లా దాని తల్లిని తిట్టీవోణ్ణి. ఒకనాడు రావడం మానీసింది. ఊరందరినీ ఏరు దాటించాను గానీ, దాన్ని నా ఒడ్డుకి తెచ్చుకోలేకపోనాను."

గవరయ్య వంగి దోసిట్లో నీళ్లు పట్టాడు. ఒకసారి పుక్కిలించాడు, రెండుసార్లు పుక్కిలించాడు, మూడుసార్లు పుక్కిలించాడు.

"మరేటి మాటాడాల మావా? నాకు తెలీదు."

"పొద్దున్న ఆళ్లమ్మ ఏటి వండిందో అడుగు."

అడిగాడు. "చేపల పులుసు" అంది పిల్ల.

"మీ అమ్మ పులుసు బాగా సేస్తాది" అన్నాడు గవరయ్య, కష్టమ్మీద. అబద్ధం కాదు మరి.

పిల్ల లేచి తనే నావెక్కింది. ఒడ్డు మీంచి ఇదంతా చూసిన అసిరమ్మ, మరుసటి సంతకి తనూ మూడుసార్లు పుక్కిలించాకే పిల్లని అప్పగించింది. వాళ్లని చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మరొకరు.

తవిటయ్య పోయిన రోజున ఎవరో ఒకామె చంటిపిల్లని చంకనేసుకుని ఏరు దాటి వచ్చింది. రేవులో దిగి మూడుసార్లు పుక్కిలించింది. అప్పుడు పిల్లని శవం దగ్గరికి తీసుకెళ్లి, "మీ తాత మంచోడమ్మా" అంది.

ఇప్పుడక్కడ నావ లేదు, వంతెన కట్టారు. అయినా పిల్లల కోసం వచ్చిన తండ్రులు ఆ చోటుని తవిటయ్య రేవనే అంటారు, కిందికి దిగి పుక్కిలిస్తారు. పిల్లలు గట్టుమీద నిలబడి లెక్కపెడతారు. మూడయ్యాకే చెయ్యి అందిస్తారు.