ఏట్లో మునిగిన గంగాళం

ఊరి నుంచి ఊరికి పడవల మీదే వెళ్లే పాతరోజుల్లో, ఒక పెద్ద ఏటి ఒడ్డున కలువరేవు అనే పట్టణం ఉండేది. దాన్ని మహీధరుడనే రాజు ఏలుతుండేవాడు.

కొత్త రేవు కట్టిన పనివాళ్లకు రాజు విందు తలపెట్టాడు. వెయ్యిమందికి పరమాన్నం వండే ఇత్తడి గంగాళం ఒకటి పడవలో తెప్పించాడు. తీరా ఒడ్డు దగ్గరికొచ్చాక పడవ ఒరిగి, గంగాళం బుడుంగున ఏట్లో మునిగింది.

పనివాళ్ల పెద్ద భైరవయ్య మంచి కండబలం ఉన్నవాడు. రెండు పడవలు జతకట్టి, పైన దూలం వేసి, దానికి గిలక బిగించాడు. ఈతగాళ్లు మునిగి గంగాళం కడియాలకు మోకు కట్టారు. లాగుతుంటే అది సునాయాసంగా పైకి వచ్చింది. పువ్వులా ఉందే అని భైరవయ్య నవ్వాడు. గంగాళం నీటిపైన మూరెడు లేచిందో లేదో, మోకు పుటుక్కున తెగింది. తెగిన కొస ఎగిరివచ్చి ఆయన తలపాగాను ఏట్లోకి విసిరేసింది.

రెండోసారి రెండు మోకులు కట్టించాడు. మోకులు ఆగాయి గానీ దూలం విరిగింది. ఆ ముక్క మీదపడి సోమన్న అనే పనివాడి కాలు వాచిపోయింది. అయినా భైరవయ్య తగ్గలేదు. ఇంకా లావుపాటి దూలం తెమ్మన్నాడు.

మోకులు పేనే సింగారమ్మ ఒడ్డున కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమె లేచి వచ్చి, పని ఆపమంది. విందుకు ఆలస్యమవుతోందని ఒడ్డునే ఉన్న రాజు విసుక్కున్నాడు.

“గంగాళం మునిగితే మళ్లీ తీసుకోవచ్చు మహారాజా. మనిషి పోతే తీసుకురాలేం,” అంది సింగారమ్మ.

రాజు సోమన్న కాలు వంక చూశాడు. ఆమె చెప్పినట్టే చేయమన్నాడు.

గంగాళం నీళ్లలో ఉన్నంతసేపు కొంత బరువు ఏరే మోస్తుందనీ, పైకి వచ్చాక ఆ బరువుతో పాటు దాని కడుపునిండా ఉన్న నీళ్ల బరువు కూడా మోకు మీదే పడుతుందనీ ఆమె అందరికీ వివరించింది. విరిగిన దూలం మార్పించి, నలిగిన మోకులు పక్కన పడేసి కొత్తవి ఇచ్చింది. గంగాళం పక్కన గానీ, మోకుకు ఎదురుగా గానీ ఎవరినీ నిలవనివ్వలేదు.

మెల్లగా లాగారు. అంచు నీటిపైకి నాలుగు వేళ్లు రాగానే ఆపమంది. ఇద్దరిని దోనెలో పంపి, పొడవాటి కర్రలకు కట్టిన ముంతలతో దూరం నుంచే నీళ్లు తోడించింది. తోడగా తోడగా మోకులు వదులయ్యాయి. చివరికి గంగాళం తనంతట తానే ఏటిమీద బాతులా తేలింది.

భైరవయ్య నోరు తెరిచి చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు. “ఇంతకాలం కండలతో ఆలోచించానమ్మా,” అని ఒప్పుకున్నాడు.

అందరూ కలిసి గంగాళాన్ని ఒడ్డుకు తోసుకొచ్చారు. ఆ సాయంత్రం పరమాన్నం మొదటి గరిటె సోమన్నకే వడ్డించారు. ఇకమీద ఆ రేవులో ఏ బరువు ఎత్తాలన్నా ముందు సింగారమ్మను అడగాలని రాజు చాటింపు వేయించాడు.

కాబట్టి పిల్లలూ, ఎంత బలవంతులైనా బరువు ఎత్తే ముందు ఆగి ఆలోచించాలి; పని కాస్త ఆలస్యమైనా సరే, పక్కనున్న మనిషికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి.